ఒక గది, నాలుగు దేశాలు

మాక్లూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు పరాయి సంస్కృతిని మొదట చూసింది అరబ్బుల దగ్గర కాదు, పక్క మంచం మనిషి దగ్గర

విదేశాలకు వెళ్లేవాళ్లకు మర్యాదలు నేర్పే పుస్తకాలకూ వీడియోలకూ ఇప్పుడు కొదవ లేదు. జపాన్‌లో విజిటింగ్ కార్డు రెండు చేతులతో అందుకోవాలి, థాయ్‌లాండ్‌లో ఎవరి తలా నిమరకూడదు, అరబ్బుల పళ్లెంలో ఎడమ చెయ్యి పెట్టకూడదు. అన్నీ నిజమే. కాకపోతే అవన్నీ వారం పది రోజులు తిరిగొచ్చే యాత్రికుల కోసం రాసినవి. యాత్రికుడు పొరపాటు చేస్తే అవతలివాళ్లు నవ్వి ఊరుకుంటారు. హోటలువాడైతే, పైసలు ముందే తీసుకున్నాడు కాబట్టి నవ్వకుండానే ఊరుకుంటాడు.

నిజామాబాద్ జిల్లా మాక్లూర్, నందిపేట, ఆర్మూర్ వైపు నుంచి బయటి దేశం పోయేవాళ్ల లెక్క వేరు. రెండేళ్ల కంపెనీ వీసా, దానికోసం ఏజెంటుకు కట్టిన పైసలు, ఆ పైసల మీద ఊళ్లో పెరిగే మిత్తి, ఇంటి దగ్గర బీడీలు చుడుతూ ఎదురుచూసే ఆడవాళ్లు. ఇవన్నీ నెత్తిన పెట్టుకుని శంషాబాద్‌లో విమానమెక్కిన మనిషికి అక్కడి మర్యాద తెలియకపోతే పోయేది పరువు ఒక్కటే కాదు. పని పోతుంది. కొన్నిసార్లు జైలు కూడా. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలు రోడ్లూ రేవులూ కట్టడం మొదలుపెట్టినప్పటి నుంచి నిజామాబాద్, కరీంనగర్ పల్లెలు ఈ చదువు చదువుతూనే ఉన్నాయి. సౌదీ పోయినా, ఒమన్ పోయినా ఊళ్లో మాత్రం ‘దుబాయ్ పోయిండు’ అనే అంటారు.

ఈ చదువును పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. గల్ఫ్ వలస మీద మన పత్రికల్లో వచ్చే రాతల్లో రెండే రకాలు కనిపిస్తాయి: శవపేటికలు, లేదంటే కొత్త బంగళాలు. ఈ రెండింటికీ నడుమ వలసపోయిన మనిషి పదీ పదిహేనేళ్లు వేరే జనం మధ్య బతికాడు, వాళ్లతో కలిసి తిన్నాడు, జగడమాడాడు, సర్దుకున్నాడు అన్న సంగతి రాతల్లోకి రాదు. అమెరికా పోయిన ఇంజినీరు కన్నా ఈ విషయంలో అతనే ఎక్కువ చూశాడని నా అభిప్రాయం. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఇల్లు తీసుకునే తెలుగువాడు ఇరుగుపొరుగును ఎంచుకోగలడు. తెలుగు సంఘం, తెలుగు గుడి, తెలుగు కిరాణా మధ్య ఏళ్లకేళ్లు గడిపేయగలడు. లేబర్ క్యాంపులో పడుకునేవాడికి తన మంచం ఎవరి పక్కన పడాలో ఎంచుకునే వీలు ఉండదు.

ఊళ్లోనే మొదలైన పాఠం

నిజామాబాద్ మనిషి విమానమెక్కేనాటికే సగం సిద్ధమై ఉంటాడు. ఇందూరు (నిజామాబాద్) సీమ ఎప్పుడూ ఒక్క భాషది కాదు. బోధన్ దాటితే మరాఠీ, పట్నం బజారులో ఉర్దూ, ఊళ్లో తెలంగాణ తెలుగు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి కాలువల్లో నీళ్లు పారాక గుంటూరు, కృష్ణా వైపు నుంచి రైతులు వచ్చి వర్ని, కోటగిరి, బోధన్ పరిసరాల్లో భూములు కొన్నారు. వాళ్ల క్యాంపులు తర్వాత ఊళ్లయ్యాయి. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టాక దాని చుట్టూ ఇంకెన్ని చోట్ల జనమో చేరారు. వచ్చినవాళ్ల యాస ఇక్కడివాళ్లకు వింత, ఇక్కడివాళ్ల యాస వాళ్లకు వింత. ఎకసెక్కాలు జరిగాయి, కోపాలూ ఉన్నాయి, పక్కపక్క మళ్లలో నాట్లూ పడ్డాయి.

హిందీ రావడం ఇందులో అన్నిటికన్నా పెద్ద లాభం. చదువు లేకున్నా నిజామాబాద్ మనిషి ఉర్దూ కలిసిన హిందీ మాట్లాడగలడు. గల్ఫ్ క్యాంపుల్లో మలయాళీ ఫోర్‌మన్ కూడా, నేపాలీ వాచ్‌మన్ కూడా, పఠాన్ డ్రైవర్ కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఏదో ఒక రకం హిందీలోనే. దాంతో మనవాడికి మొదటి వారమే నోరు పెగులుతుంది.

అయితే ఈ తయారీలోనే ఒక చిక్కుంది. పీర్ల పండుగ నాడు అలావా చుట్టూ ఆడి, పీరుకు కుడుకలు కట్టి, వర్ని దగ్గర బడాపహాడ్ దర్గాకు కుటుంబంతో పోయి కందూరు చేసినవాడు ‘తురకోళ్ల సంగతి నాకు ఎరుకే’ అన్న ధీమాతో సౌదీలో దిగుతాడు. అక్కడ పీర్లు లేవు, దర్గాలు లేవు. సమాధుల దగ్గర మొక్కడం తప్పని అక్కడి ఆచారం. మదీనాలోని బకీ శ్మశానంలో సమాధుల మీది గుమ్మటాలను 1920ల్లో అక్కడి పాలకులే కూల్చేయించారు. మన దగ్గర మిలాద్ ఉన్-నబీకి ఊరేగింపు తీస్తారు, సర్కారు సెలవిస్తుంది. సౌదీలో దానికి సెలవే లేదు. ఊళ్లో చూసిన ఇస్లాం వేరు, ఇది వేరు అని తెలుసుకోవడానికి కొంత కాలం పడుతుంది. ఆ కాలంలో అతనికి తెలిసొచ్చే ఇంకో సంగతి ఏమిటంటే, దర్గాలంటే ప్రాణమిచ్చేవాడు ఒకడు తన గదిలోనే ఉన్నాడు. వాడిది పాకిస్తాన్ పంజాబ్.

పై మంచం, కింది మంచం

దుబాయ్‌లో సోనాపూర్, అల్ ఖూజ్, జబల్ అలీ; అబుదాబిలో ముసఫ్ఫా. కార్మికులుండే చోట్లు ఇవి. యూఏఈలోనే 35 లక్షలకు పైగా భారతీయులున్నారు. వాళ్లలో కూలిపనికి పోయినవాడు ఎమిరేట్స్ పౌరుడితో రోజులకు రోజులు ఒక్క మాటా మాట్లాడకుండా ఉండగలడు. పనిలో పైవాడు మలయాళీ లేదా ఈజిప్టువాడు, పక్కవాడు బంగ్లాదేశీ, బస్సు నడిపేవాడు పెషావర్ మనిషి, కిరాణా కొట్టువాడు కేరళ కాసరగోడ్‌వాడు. అరబ్బులను చూసేది టీవీలో, రోడ్డు మీద పోయే కారులో. కనుక ‘అరబ్ సంస్కృతిని గౌరవించడం’ అన్నది అతని విషయంలో చాలావరకు చట్టానికి లోబడి ఉండడమే. అసలు పరాయితనం అంతస్తుల మంచాల గదిలో ఎదురవుతుంది.

మొదటి తగాదా పొయ్యి దగ్గర వస్తుంది. పది పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చినవాళ్లందరికీ ఒకే వేళకు ఆకలేస్తుంది, పొయ్యిలు తక్కువ. బెంగాలీ ఆవనూనెలో చేప వేయిస్తే మనవాడికి కళ్లు మండుతాయి. మనవాడు ఎండు మిర్చి తాలింపు పెడితే గది గదంతా దగ్గుతుంది. పాకిస్తానీ గొడ్డు మాంసం వండుతాడు. ఫిలిప్పీన్స్‌వాడు పంది మాంసం డబ్బా తెచ్చుకుంటే ఈసారి పాకిస్తానీ ముఖం తిప్పుకుంటాడు. ఒకరి కూడు ఒకరికి అంటరానిదైన చోట ఎవరూ ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేరు. పాతకాపులున్న గదుల్లో దీనికి దారి తీసిపెట్టి ఉంటారు: గిన్నెలు వేరు, గంటెలు వేరు, ఒకరి గిన్నె ఇంకొకరు ముట్టరు, ముక్కు మూసుకోవడం మాత్రం నిషిద్ధం. ఈ చివరి నిబంధనే అన్నిటికంటే కష్టమైనదని నాకనిపిస్తుంది. తినకపోవడం సులువు. ఎదుటివాడు తింటుంటే మొహం మామూలుగా పెట్టుకుని కూర్చోవడానికి సాధన కావాలి. మన ఊళ్లలో ఒకరి వంట చూసి ముక్కు మూసుకునే అలవాటు ఎన్ని తరాలదో తెలిసినవాళ్లకు ఇది చిన్న సంగతిగా కనిపించదు. మాల, మాదిగ వాడల నుంచి పోయినవాడూ, పటేల్ ఇంటి నుంచి పోయినవాడూ ఒకే మెస్సులో ఒకే గిన్నెలో అన్నం వడ్డించుకోవడం కొందరికి దుబాయ్‌లోనే మొదలు.

ఆ తర్వాత నిద్ర. ఫజ్ర్ నమాజుకు తెల్లారకముందే ఒకరి ఫోను మోగుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు అప్పుడే కన్ను మూసి ఉంటాడు. నమాజు చేసేవాడు ఫోనును దిండు కింద పెట్టుకుని, చప్పుడు కాకుండా వైబ్రేషన్ మీద ఉంచుతాడు. నిద్రపోయేవాడు మంచానికి దుప్పటి తెర కట్టుకుంటాడు. హనుమాన్ చాలీసా పెట్టుకునేవాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు. బయటి మతాలకు గుళ్లు లేని సౌదీలోనైతే దేవుడు లాకరు తలుపు లోపలి వైపు అంటించిన బొమ్మలో ఉంటాడు. యూఏఈలో అయితే 1958 నాటికే బర్ దుబాయ్ సందుల్లో గుడి వెలిసింది, 2022లో జబల్ అలీలో కొత్తది కట్టారు, 2024 ఫిబ్రవరిలో అబుదాబి ఎడారిలో పెద్ద రాతి మందిరమే లేచింది. సెలవు నాడు అక్కడికి పోయి రావడానికి బస్సు కిరాయి లెక్క చూసుకునేవాళ్లు చాలామంది.

క్రికెట్ సంగతి వేరే చెప్పాలి. 1986 ఏప్రిల్ 18, శుక్రవారం. గల్ఫ్‌లో అది అప్పట్లో వారపు సెలవు. షార్జాలో ఆస్ట్రల్-ఏషియా కప్ ఫైనల్. ఆఖరి బంతికి పాకిస్తాన్‌కు నాలుగు పరుగులు కావాలి. చేతన్ శర్మ వేసిన బంతిని జావేద్ మియాందాద్ సిక్సరు కొట్టాడు. మన దేశంలో ఆ రాత్రి జనం టీవీలు కట్టేసి పడుకున్నారు. షార్జా, దుబాయ్ క్యాంపుల్లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. గెలిచినవాడు పై మంచం మీద, ఓడినవాడు కింది మంచం మీద పడుకోవాలి, తెల్లారి ఇద్దరూ ఒకే బస్సులో సైటుకు పోవాలి. అలాంటి రాత్రులు ఎన్నో గడిచాక గదుల్లో ఒక నీతి ఏర్పడింది: ఆట మీద ఎంతైనా అరవొచ్చు, దేశం మీద, దేవుడి మీద ఒక్క మాట కూడా వద్దు.

ఈ నీతికి పెద్ద గండం సెల్‌ఫోను నుంచి వచ్చింది. గదిలో పాకిస్తానీతో, హైదరాబాద్ ముస్లింతో కలిసి తింటున్నవాడి ఫోనులోకి ఊరి గ్రూపు నుంచి వాళ్ల మతాన్ని తిట్టే బొమ్మలు వచ్చి పడతాయి. చేతి వేలితో పక్కకు తోసేస్తే గొడవ లేదు. ముందుకు పంపితే ఉద్యోగం పోయినట్టే. 2020 ఏప్రిల్‌లో కరోనా రోజుల్లో ఇస్లాంను దూషిస్తూ పోస్టులు పెట్టినందుకు యూఏఈలో, ఇతర గల్ఫ్ దేశాల్లో కొందరు భారతీయుల ఉద్యోగాలు ఊడాయి. యూఏఈలోని మన రాయబారే స్వయంగా, వివక్ష ఇరు దేశాల విలువలకూ విరుద్ధమని గుర్తు చేయాల్సి వచ్చింది. మతాలను కించపరచడాన్ని నేరంగా పెట్టిన చట్టం అక్కడ 2015 నుంచే ఉంది. ఆ పోస్టులు పెట్టినవాళ్లలో మంచి చదువు, మంచి జీతం ఉన్నవాళ్లూ ఉన్నారు. పది మంచాల గదిలో బతికినవాడు ఆ తప్పు చేయడం అరుదు. పోస్టు చూసి బాధపడే మనిషి అతనికి ఎదురుగానే కూర్చుని రొట్టె తింటుంటాడు కదా.

గసగసాల పొట్లం

చట్టం సంగతి క్లుప్తంగానే చెప్పుకుందాం. ఎందుకంటే ఇది గౌరవం కన్నా జాగ్రత్తకు సంబంధించినది. అమ్మ కట్టిచ్చే పచ్చళ్ల మూటలో గసగసాలు ఉండొద్దు. మన వంటింట్లో మసాలా దినుసు, యూఏఈ, సౌదీల్లో మత్తుపదార్థాల కిందికి వస్తుంది. నొప్పికి వాడే ట్రమడాల్ లాంటి మాత్రలు కూడా అంతే. డాక్టరు చీటీ, అక్కడి ముందస్తు అనుమతి లేకుండా తీసుకుపోతే ఇరుక్కున్నట్టే. ‘మా తమ్ముడికి ఇయ్యి’ అని ఎవరో చేతిలో పెట్టిన పార్సెల్ విప్పి చూడకుండా సంచిలో వేసుకోవద్దు. రోడ్డు మీద కోపంలో మధ్య వేలు చూపించడం, వాట్సాప్‌లో తిట్టడం కూడా కేసులే.

రంజాన్ సంగతి మాత్రం మారుతూ వస్తోంది. ఆ నెలలో పగటిపూట బయట నలుగురిలో తినడం, తాగడం మునుపు యూఏఈలో శిక్షపడే నేరం. 2021 నుంచి దుబాయ్ హోటళ్లు పగలు తెరలు కట్టుకోనక్కర్లేదు. అదే నెలలో యూఏఈ ప్రైవేటు ఉద్యోగులందరికీ, ఏ మతం వాళ్లయినా, పని గంటలు రోజుకు రెండు తగ్గుతాయి. సాయంత్రం మసీదు దగ్గర వేసిన గుడారంలో ఇఫ్తారు పెడతారు. ఖర్జూరం, పండ్లు, బిర్యానీ, లబన్. నీ పేరేమిటని ఎవరూ అడగరు. మన ఊళ్ల హిందువులు ఎందరో ఆ చాపల మీద కూర్చుని తిన్నారు. పొద్దంతా పస్తున్నవాడు ఖర్జూరం నోట్లో పెట్టుకునేదాకా తాను పెట్టుకోకుండా ఆగడం వాళ్లకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

గడప లోపలికి పోయినవాళ్లు

క్యాంపులో ఉండే మగవాళ్లకు కనిపించని అరబ్ ఇంటిని చూసింది వేరేవాళ్లు. ఇంటి డ్రైవర్లు, ఇంటిపని చేసే ఆడవాళ్లు. కువైట్ ఇళ్లలో ‘ఖద్దామా’లుగా పనిచేసే తెలుగు ఆడవాళ్లలో ఎక్కువమంది కడప, రాజంపేట, రాయచోటి వైపు, గోదావరి జిల్లాల నుంచి పోయినవాళ్లు. మన దగ్గరి నుంచి పోయినవాళ్లు తక్కువే. చదువు తక్కువై ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి ఇంటిపనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. యజమానిని ‘బాబా’ అని, యజమానురాలిని ‘మామా’ అని పిలుస్తూ వాళ్లు ఆ ఇంటి పిల్లలను పెంచారు, మచ్బూస్ వండారు, హరీస్ గంటల తరబడి కలిపారు. రంజాన్‌లో అందరికన్నా పొడుగాటి రోజు వాళ్లదే. మగవాళ్లకు పని గంటలు తగ్గే నెలలో వీళ్లకు పని తెల్లవారుజాము సహరీ దాకా సాగుతుంది. కువైట్ 2015లో తెచ్చిన ఇంటిపనివారి చట్టం రోజుకు 12 గంటలకు మించి పని వద్దని, వారానికొక సెలవు ఇవ్వాలని చెబుతోంది. చట్టం వంటింటి దాకా వచ్చిందా లేదా అన్నది ఆ ఇంటివాళ్ల మనసును బట్టి ఉంటుంది.

డ్రైవర్లు నేర్చుకున్నవి ఇంకొక తీరువి. మన దగ్గర ‘ఇంట్లో వదినె బాగున్నదా?’ అని అడగకపోతే తప్పు. అక్కడ మగవాడిని భార్య గురించి అడగడమే తప్పు, ఇంట్లో అంతా క్షేమమా అని అడిగి ఆపాలి. గహ్వా (అరబ్ కాఫీ) పోసేవాడు చిన్న కప్పు ఖాళీ అయినప్పుడల్లా మళ్లీ పోస్తూనే ఉంటాడు. చాలని నోటితో చెప్పడం కాదు, కప్పును అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇవ్వాలి. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం తెలిసినవాడికి ఇది ఒక్కపూటలో వచ్చేస్తుంది. మేడం వెనక సీట్లో కూర్చుంటే అద్దంలోకి కూడా చూడకూడదన్నది సౌదీ ఇంటి డ్రైవర్ల మొదటి పాఠం. ఏళ్ల తరబడి ఆ పాఠం పాటించినవాళ్ల కళ్ల ముందే 2018 జూన్‌లో సౌదీ ఆడవాళ్లకు డ్రైవింగ్ అనుమతి వచ్చింది, మేడం స్టీరింగ్ పట్టుకుంది. అదే ఏడు అక్కడ సినిమా హాళ్లూ మళ్లీ తెరిచారు. ‘వాళ్ల ఆచారం అంతే, మారదు’ అని ఊరికొచ్చి చెప్పినవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసేది ఇజ్రాయెల్ పోయినవాళ్ల కథ. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి వందల మంది అక్కడ కేర్‌గివర్లుగా పనిచేస్తున్నారు. వాళ్లలో మగవాళ్లూ ఉన్నారు. పని ఏమిటంటే, ముసలివాళ్ల ఇంట్లోనే ఉండి వాళ్లకు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, మందులివ్వడం, చక్రాల కుర్చీలో తిప్పడం. మా ప్రాంతంలో మగపిల్లాడు సొంత తండ్రికైనా ఈ సేవ చేయడం తక్కువ, కోడలో బిడ్డో చేస్తుంది. ఆ మగపిల్లాడే టెల్ అవీవ్ దగ్గర ఒక యూదు తాతకు గడ్డం గీస్తున్నాడు. మత నిష్ఠ ఉన్న ఇల్లయితే పాల గిన్నెలు, మాంసం గిన్నెలు వేరువేరుగా కడగాలి, పొరపాటున కలిస్తే ఆ ఇంటికి పెద్ద మైల. శుక్రవారం పొద్దు వాలిన దగ్గర నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్: తాత దీపం స్విచ్చి ముట్టడు, ఫోను ఎత్తడు. పస్కా పండుగకు ముందు ఇంట్లో పులిసిన పిండి వంటకం ముక్క కూడా మిగలకుండా దులపాలి. మడి, మైల తెలిసిన తెలుగు ఇంట్లో పుట్టినవాడికి ఇవి అంత వింతగా అనిపించకపోవచ్చు. 2023 అక్టోబర్ 7 తర్వాత ఊళ్లో తల్లిదండ్రులు ‘వచ్చెయ్ బిడ్డా’ అని ఏడుస్తుంటే, కదలలేని ముసలివాళ్లను విడిచిరాలేక అక్కడే ఉండిపోయినవాళ్లున్నారు. జీతం కోసం కూడా ఉండి ఉంటారు, అప్పులుంటాయి. రెండూ కలిసే ఉంటాయి, విడదీసి చూడాల్సిన పనేమీ లేదు.

మర్యాద వేరు, మౌనం వేరు

పరాయి సంస్కృతిని గౌరవించాలనే మాటను కొందరు ఏజెంట్లు, కొందరు యజమానులు తమకు తోచినట్టు వాడుకుంటారు. ‘ఇక్కడి పద్ధతి ఇంతే’ అని పాస్‌పోర్టు లాక్కుంటారు. ‘ఈ దేశంలో జీతం అడిగితే మర్యాద కాదు’ అంటారు. ఇది సంస్కృతి కాదు. కఫాలా అనేది కార్మికుడి వీసాను యజమాని చేతికి కట్టేసిన ఏర్పాటు. వాళ్ల మతానికీ, వాళ్ల ఆతిథ్యానికీ దానితో సంబంధం లేదు. ఏర్పాటు కాబట్టే దాన్ని వాళ్లే మార్చుకుంటూ వస్తున్నారు. యజమాని ఒప్పుకోకున్నా పని మారే వీలు బహ్రెయిన్ 2009లో ఇచ్చింది. ఖతార్ 2020లో పని మారడానికి యజమాని ఎన్‌ఓసీ అవసరాన్ని తీసేసింది. సౌదీ 2021లో కొన్ని సడలింపులు తెచ్చింది, అయితే ఇంటి పనివాళ్లు, ఇంటి డ్రైవర్లు, మజ్రాల్లో తోటపని చేసేవాళ్లు, గొర్లు కాసేవాళ్లు అందులోకి రాలేదు. ఎడారిలో అందరికన్నా ఒంటరిగా ఉండేవాళ్లే బయట మిగిలారు.

యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. ఈ సంగతి తెలిసిన కార్మికుడు ఆ వేళకు పార కింద పెట్టి నీడకు పోతే అది ఆ దేశాన్ని అవమానించడం కాదు, ఆ దేశపు చట్టాన్ని పాటించడం. 2019 ఫిబ్రవరిలో అబుదాబి న్యాయశాఖ అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు హిందీని కూడా కార్మిక కోర్టుల్లో వాడుకకు తెచ్చింది. ఫిర్యాదు కాగితం హిందీలో రాసుకోవచ్చు. ఒక దేశం తన గడప తొక్కిన కూలివాడి భాషను కోర్టులోకి రానివ్వడం చిన్న మర్యాద కాదు. దాన్ని వాడుకోవడానికి భయపడేవాళ్లే ఎక్కువ.

నేపాల్‌లోని ఒక ఇల్లు

సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ పోయిన అయిదుగురు ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో ఇరుక్కున్నారు. 2005 నాటి సంగతి. దీర్ఘకాలం జైలుశిక్ష పడింది. గల్ఫ్ చట్టంలో దియా అనే పద్ధతి ఉంది. చనిపోయినవాడి కుటుంబం పరిహారం తీసుకుని క్షమించానని రాసిస్తే కోర్టు దాన్ని పరిగణిస్తుంది. సిరిసిల్ల ఎమ్మెల్యే కె.టి. రామారావు నేపాల్ వెళ్లి ఆ కుటుంబాన్ని కలిశారు, 15 లక్షల రూపాయల సాయం అందింది, క్షమాపత్రం తయారైంది. అయినా ఫైళ్లు కదలడానికి ఏళ్లు పట్టింది. సుమారు 18 ఏళ్లు జైల్లో గడిపాక వాళ్లు విడతలుగా ఇల్లు చేరారు.

మన పత్రికలు ఈ కథను సిరిసిల్ల వైపు నుంచే రాశాయి. పిల్లలు పెళ్లీడుకొచ్చాక తండ్రి ముఖం చూశారని రాశాయి. అదీ నిజమైన దుఃఖమే. కానీ ఇందులో మూడు దేశాలున్నాయి. శిక్ష వేసింది అరబ్ దేశం. క్షమించాల్సింది నేపాల్‌లో, కొడుకునో భర్తనో పోగొట్టుకున్న ఒక పేద ఇల్లు. వాళ్లకు మన భాష రాదు, మన జిల్లా పేరు ఎన్నడూ వినలేదు. వాళ్లు కూడా వలసకూలీల ఇంటివాళ్లే, మన ఇళ్లలాగే ఎడారి నుంచి వచ్చే డ్రాఫ్టు కోసం ఎదురుచూసినవాళ్లే. వాళ్లు ఆ కాగితం మీద వేలిముద్ర ఎందుకు వేశారో మనం ఊహించడం మర్యాద కాదు. పైసల కోసమే అని తేలిగ్గా అనేసేవాళ్లు, అదే పరిస్థితి తమ ఇంటికి వస్తే ఏ మొత్తానికి సంతకం పెడతారో ఒకసారి లెక్క వేసుకోవాలి. గల్ఫ్ పోయే ప్రతివాడికీ ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో ఈ కథ చెప్పాలని నా కోరిక. అందులో అరబ్బుల ఆచారాలు చెబుతారు, రాయబార కార్యాలయం నంబరు చెబుతారు. ఒక ప్రాణం పోతే కూలేది రెండిళ్లని కూడా చెప్పాలి.

ఇటు వచ్చినవాళ్లు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు ఊళ్లో ఏం చేస్తున్నారు? కొందరు పసుపు, మక్క వేస్తున్నారు. కొందరు హార్వెస్టరో ట్రాక్టరో కొన్నారు. కొందరు పట్నంలో షట్టర్ తీసుకుని దుకాణం పెట్టారు. వీళ్లు ఊరొదిలి పోయిన ఏళ్లలో ఊరికి కొత్తవాళ్లు వచ్చారు. నిజామాబాద్ బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఎక్కువగా బీహారువాళ్లు. నాట్ల కాలంలో బెంగాల్, బీహార్, ఉత్తరప్రదేశ్ ముఠాలు దిగుతున్నాయి. చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వస్తారు. మిల్లు వెనక రేకుల షెడ్డులో పది మంది కలిసి వండుకుంటారు. ఆవనూనె వాసన ఇక్కడా వస్తోంది.

వీళ్లతో బాగా మసిలేది ఎవరని మిల్లులున్న ఊళ్లలో అడిగితే దుబాయ్ పోయొచ్చినవాళ్లని చెప్పాలని మనసు కోరుకుంటుంది. అలాంటివాళ్లు ఉన్నారు. హమాలీని పేరుతో పిలిచి, ఛఠ్ పండుగకు సెలవిచ్చి, జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లున్నారు. గల్ఫ్‌లో ఫోర్‌మన్ తనను ఎలా కసిరాడో అచ్చం అలాగే ఇక్కడ బీహారీని కసిరేవాళ్లూ ఉన్నారు. బయటి దేశం చూసినంత మాత్రాన మనిషి మెత్తబడతాడని హామీ లేదు. పడ్డ బాధ కొందరికి ఎదుటివాడి బాధను అర్థం చేసుకునే కన్నునిస్తుంది, కొందరికి తన వంతు వచ్చిందన్న తృప్తినిస్తుంది. ఎవరిలో ఏది జరుగుతుందో ముందే చెప్పలేం. అందుకే ఈ విషయాన్ని మంచితనానికి వదిలేయడం కన్నా కాగితం మీద పెట్టడమే మేలనుకుంటాను.

ఆ కాగితం మన దేశంలో ఎప్పుడో రాశారు. ఒడిశా నుంచి మేస్త్రీలు తోలుకుపోయిన దాదన్ కూలీల కష్టాలు చూసి 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. ఆ చట్టం కింద కాంట్రాక్టరు ప్రతి కార్మికుడికీ ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాల్సి ఉండేది. కూలి ఎంత, ఎన్నాళ్ల పని, తిరుగు ప్రయాణం ఖర్చు ఎంత అన్నీ అందులో చూపాల్సి ఉండేది. అది హిందీలో, ఇంగ్లీషులో, ఈ రెండూ రాని కార్మికుడైతే అతని సొంత భాషలో కూడా రాయాల్సి ఉండేది. అబుదాబి కోర్టు హిందీకి తలుపు తెరవడానికి 40 ఏళ్ల ముందు మాట ఇది. ఒడియాలో రాసిన పాసుపుస్తకం చేతిలో ఉన్న ఇటుకబట్టీ కూలీని నేనింతవరకు చూడలేదు. మాక్లూర్ నుంచి బోధన్ దాకా మిల్లులూ బట్టీలూ నడిపేవాళ్లలో గల్ఫ్ పైసతో పెట్టుబడి పెట్టినవాళ్లు ఉంటే, బతాకా (గుర్తింపు కార్డు) జేబులో లేకుండా వీధిలోకి అడుగు పెట్టడానికి తాము ఎంత వణికేవాళ్లో వాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ నాట్లకు దిగే ముఠాలతోనైనా ఆ పుస్తకం మొదలుపెట్టొచ్చు. బెంగాలీ అక్షరాలు రాసిచ్చేవాడు కావాలంటే, సోనాపూర్ గదిలో పక్క మంచం మీద పడుకున్న మనిషి నంబరు చాలామంది ఫోన్లలో ఇంకా ఉంది.